రెండు మొక్కలు, ఒక దొర

ఎల్.బి.నగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు పట్టుకొని హయత్‌నగర్ దిక్కుగా పోతుంటే అక్కడక్కడ రోడ్డు పక్కన నర్సరీలు కనిపిస్తాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మేము అద్దెకుండే ఇంటి యజమానురాలు పోయిన కార్తీక మాసంలో ఒక మంచి తులసి మొక్క తెచ్చిపెట్టమంటే, ఆదివారం పూట అట్లాంటి ఒక నర్సరీకి వెళ్ళాను. తులసి దొరికింది. తిరిగి వస్తుండగా పచ్చని వల కట్టిన నీడ కింద, మిగతా వాటికి ఎడంగా పెట్టిన ఒక చిన్న కుండీ నా కంట పడింది. దానికి ఒకే ఒక పువ్వు. ఆ పువ్వు ముందు రేకు గుల్లగా ముడుచుకొని, అచ్చం చంటిపిల్ల చెప్పు ముందు భాగంలాగా వుంది. వేలు దూర్చి చూడాలనిపించింది. ఆకుల మీద ముదురు, లేత పచ్చ మచ్చలు. పూసి నెల దాటిందనీ, ఇంకో రెండు వారాలు వాడదనీ నర్సరీ అతను చెప్పాడు. ధర అడిగితే నా నెల మెస్సు బిల్లులో సగం చెప్పాడు. అడవి నుండి తెచ్చిందా అని అడిగాను. కాదు, సీసాలో మొలిపించిన సంకరజాతి అన్నాడు.

కొనలేదు గానీ ఆ పువ్వు మనసులోంచి పోలేదు. మరునాడు లైబ్రరీలో కూర్చుని వెతికాను. ఇంగ్లీషులో దానిని లేడీస్ స్లిప్పర్ అంటారు. శాస్త్రంలో పాఫియోపెడిలమ్ అనే ప్రజాతి. మనం చెప్పుపువ్వు అనుకుంటే సరిపోతుంది. ఆసియా ఉష్ణమండలపు అడవులలో, హిమాలయాల కింది భాగాల నుండి న్యూగినీ, సాలమన్ దీవుల దాకా దీని జాతులు వ్యాపించి వున్నాయి. మన దేశపు జాతులన్నీ దాదాపుగా ఈశాన్య రాష్ట్రాల కొండలలోనే పెరుగుతాయి. దక్షిణాదిన మాత్రం ఒకే ఒక్క జాతి వుంది. అది కేరళ, తమిళనాడు సరిహద్దున వున్న అగస్త్యమలై మీద పెరిగే పాఫియోపెడిలమ్ డ్రూరియై. దానికి మొట్టమొదట శాస్త్రీయంగా పేరు పెట్టి, పటంతో సహా అచ్చు వేసినవాడు కర్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్.

బెడ్డోమ్ అనే పేరు కనపడగానే నేను పుస్తకం మీద వేలు పెట్టి ఆగిపోయాను. ఆ పేరు నాకు కొత్త కాదు. మాది కోడూరు ప్రాంతం. శేషాచలం కొండల అంచున మాకు మామిడి తోట, కొంత అరటి వున్నాయి. మా పొలం గట్టు మీద నిలబడితే కనిపించే కొండ మీద ఒక మొక్క పెరుగుతుంది. పొట్టి మాను, తల మీద గొడుగు విప్పినట్టు ఈనెల ఆకులు. మా దిక్కు దాన్ని పేరీత అంటారు. చూపుకు ఈత చెట్టులా వుంటుంది గనుక పెద్ద ఈత అనే అర్థంలో ఆ పేరు వచ్చింది కాబోలు. బి.యస్సీ.లో చేరి సైకస్ పాఠం చదివినప్పుడు, మా పేరీత శాస్త్రీయ నామం సైకస్ బెడ్డోమై అని తెలిసి ఎంతో గర్వపడ్డాను. ఈ బెడ్డోమ్ ఎవరో మాత్రం అప్పుడు అడగలేదు. పరీక్షకు ఆ ప్రశ్న రాదు గదా.

ఇంతలో ఇంకొక సంగతి తెలిసింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. 1991లో దానిని సవరించి, మొక్కలకు కూడా రక్షణ కల్పిస్తూ ఆరవ షెడ్యూలు చేర్చారు. ఇంత పెద్ద దేశం మొత్తానికి ఆ షెడ్యూలులో వున్న పేర్లు ఆరే ఆరు. బెడ్డోమ్ సైకాడ్, అంటే మా పేరీత, నీలి వాండా, చెంగల్వ కోష్టు, లేడీస్ స్లిప్పర్ ఆర్కిడ్లు, మేఘాలయలో పెరిగే పురుగులు పట్టే పిచర్ మొక్క, ఎర్ర వాండా. 2022 సవరణలో షెడ్యూళ్ళ వరుస మారి, మొక్కల పట్టిక పెద్దదయింది. కానీ మొదట ఎంచుకున్న ఆ ఆరింటిలో ఒకటి బెడ్డోమ్ పేరు మోసేది, ఇంకొక దానిలో మన దక్షిణాది జాతికి ఆయనే పేరు పెట్టాడు. ఆ మనిషి గురించి తెలుసుకోకుండా వుండటం ఇక నా వల్ల కాలేదు. అందుకు స్వంత కారణం కూడా ఒకటి వుంది. దానిని చివర చెబుతాను.

బెడ్డోమ్ 1830 మే 11న లండన్‌లోని క్లాఫమ్ కామన్ అనే చోట పుట్టాడు. తండ్రి న్యాయవాద వృత్తిలో వున్నవాడు. చార్టర్‌హౌస్ అనే పేరుపడ్డ బడిలో చదివించి, కొడుకును కూడా తన వృత్తిలోనే పెట్టాలని తండ్రి అనుకున్నాడు. కుర్రవాడికి మాత్రం కాగితాల కట్టల మీద మనసు పోలేదు. పద్దెనిమిదేళ్ళ వయసులో, 1848లో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి ఓడెక్కాడు. మద్రాసు నలభైరెండవ పదాతి దళంలో అతనికి ఉద్యోగం. దళం అప్పుడు జబల్‌పూర్‌లో వుంది. అక్కడ దళానికి సరుకులు చూసే పని, దుబాసీ పని చేశాడు. అంటే దేశ భాషలు కొంత పట్టుబడ్డాయన్నమాట. తరువాతి కాలంలో కొండలలో, గూడేలలో తిరగడానికి అది ఎంతో అక్కరకు వచ్చి వుండాలి.

ఆ రోజులు ఎట్లాంటివో కాస్త చెప్పుకోవాలి. రైలు పట్టాలు పడుతున్నాయి. పట్టాల కింద వేయడానికి దుంగలు కావాలి, ఓడలకు టేకు కావాలి, ఇంజన్లకు కట్టెలు కావాలి. మా కోడూరు మీదుగా మద్రాసు నుండి కడపకు రైలుదారి వేసింది కూడా ఆ 1860లలోనే. అడవులు ఇట్లా తరిగిపోతే రేపు కలప దొరకదనే భయం ప్రభుత్వానికి పట్టుకుంది. దాంతో 1856లో మద్రాసు రాజధానిలో అటవీ శాఖ ఏర్పడింది. దానికి పెద్ద హ్యూ క్లెగ్‌హార్న్ అనే వైద్యుడు. మొక్కల మీద ప్రీతి గల యువ సైనికాధికారి అని తెలిసి బెడ్డోమ్‌ను ఆయన తన సహాయకులలో ఒకడిగా తీసుకున్నాడు. కొద్ది ఏళ్ళలోనే, 1860లో, ముప్ఫై ఏళ్ళకు, శాఖ బాధ్యత బెడ్డోమ్ చేతికి వచ్చింది. 1882 వరకు, అంటే ఇరవైరెండేళ్ళు, ఆయనే ఆ పదవిలో వున్నాడు.

మద్రాసు రాజధాని అంటే ఈనాటి తమిళనాడు ఒక్కటే కాదు. నిజాం రాజ్యం వదిలేస్తే మన కోస్తా, రాయలసీమ అంతా అందులోనిదే. అందుచేత బెడ్డోమ్ తిరిగిన కొండలలో నీలగిరులు, ఆనమలై, అగస్త్యమలై ఎంత ముఖ్యమో మన నల్లమల, విశాఖ మన్యం, తిరుపతి, కడప కొండలు అంతే ముఖ్యం. వాటిలో చాలా చోట్లకు అప్పటికి శాస్త్రం తెలిసినవాడెవడూ అడుగు పెట్టలేదు. రోడ్లు లేవు. గుర్రం పోయినంత దూరం గుర్రం, ఆ పైన కాళ్ళు. మన్యం జ్వరమంటే వూళ్ళో వాళ్ళే వణికే కాలం అది. దోమకూ జ్వరానికీ వున్న సంబంధం కూడా అప్పటికి ఎవరికీ తెలియదు. అధికారికి కావలసింది ఎన్ని టేకు మాన్లు వున్నాయనే లెక్క. బెడ్డోమ్ ఆ లెక్క రాసుకుంటూనే, మాను కింద పెరిగే జాజర మొక్కను, రాతి సందులో దూరే బల్లిని, మన్ను తొలిచే పామును, ఆకు కింద నత్తను కూడా చూశాడు. ఉద్యోగం అడగని పని ఇది. ఆయన పేరు ఈనాటికీ నిలబడింది ఈ పని వల్లనే.

జంతుశాస్త్రం చదివే మిత్రుల కోసం రెండు మూడు ఉదాహరణలు. తిరుమల కొండలలో రాళ్ళ మీద వుండే బంగారు బల్లిని 1870లో శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆయనే. ఆ తరువాత వందేళ్ళకు పైగా దాని జాడ శాస్త్రజ్ఞులకు దొరకలేదు. 1980లలో మళ్ళీ మన తూర్పు కనుమలలోనే కనిపించింది. అదే 1870లో విశాఖ జిల్లా గోల్కొండ కొండల నుండి ఒక నలికిరి వంటి జీవిని వర్ణించాడు. ఇది చదివి నేను మన గోల్కొండ కోట అనుకొని సంబరపడ్డాను. అది మన కోట కాదు, విశాఖ మన్యంలోని గొలుగొండ. ఆ జీవి కూడా నూరేళ్ళకు పైగా కంటికి కనపడక, ఈ శతాబ్దంలోనే తిరిగి దొరికింది. 1877లో జయపురం కొండల నుండి ఆయన వర్ణించిన ఇంకొక బల్లిదీ ఇదే కథ. అది అంతరించిపోయిందనే అనుకున్నారు. నూట ముప్ఫై ఏళ్ళు దాటాక మళ్ళీ కనిపించింది. బెడ్డోమ్ ఎంత మారుమూలలకు పోయాడో, ఎంత జాగ్రత్తగా చూశాడో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కరలేదు.

పుస్తకాల సంగతికొస్తే, దక్షిణ భారతదేశపు ఫెర్నుల మీద 1863లో మొదలుపెట్టి విడివిడి భాగాలుగా గ్రంథం తెచ్చాడు. 1869 నుండి దక్షిణాది అడవి చెట్ల మీద ఫ్లోరా సిల్వాటికా వెలువడింది. టేకు, మద్ది, ఏగిస వంటి చెట్ల గురించి అడవి అధికారులు తరాల పాటు తిరగేసిన పుస్తకం అది. 1868 నుండి 1874 వరకు ఐకోనీస్ అనే మరో గ్రంథం వచ్చింది. అందులో అప్పటివరకు పేరు లేని, బొమ్మ లేని మొక్కలెన్నో వున్నాయి. ఈ గ్రంథాలన్నిటిలోనూ కలిపి వందల పటాలు.

ఆ పటాలు గీసిన చేతుల గురించి ఒక్క మాట చెప్పకుండా ముందుకు పోవడం నాకు ఇష్టం లేదు. గీసినవారిలో ఒకడు గోవిందు. పేరును బట్టే మనవాడని తెలుస్తున్నది. అతను, అంతకు ముందు రంగయ్య అనే మరో చిత్రకారుడు, రాబర్ట్ వైట్ అనే వృక్షశాస్త్రజ్ఞుని దగ్గర ఏళ్ళ తరబడి మొక్కల బొమ్మలు గీశారు. ఆ తరువాత గోవిందు క్లెగ్‌హార్న్‌కు, బెడ్డోమ్‌కు పని చేశాడు. వైట్ 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని పేరు పెట్టాడు. వర్గీకరణ మారి ఆ పేరు ఇప్పుడు వాడుకలో లేదు. అయినా ఒక తెలుగు పేరు గల చిత్రకారుని పేర ఒక ఆర్కిడ్ వుండేదని మనలో ఎంతమందికి తెలుసు? దొరల జీవితాలు పుస్తకాలలో వున్నాయి. గోవిందు ఎప్పుడు పుట్టాడో, ఎక్కడ పోయాడో చదువుదామంటే నాకు ఒక్క పుట కూడా దొరకలేదు.

ఇక మన చెప్పుపువ్వు. 1865లో హెబర్ డ్రూరీ అనే సైన్యాధికారి తిరువాన్కూరు ప్రాంతంలో, అగస్త్యమలై ఎత్తుల మీద దీనిని చూశాడు. పసుపు పచ్చని పువ్వు. పై రేకు మీద, రెండు పక్క రేకుల మీద నడుమగా ముదురు గోధుమరంగు చార. తక్కిన ఆర్కిడ్లు చాలావరకు మన వూళ్ళలో బదనికలు అనుకునే వాటిలాగా చెట్ల కొమ్మల మీద వుంటే, ఇది నేల మీద, గడ్డిలో, రాళ్ళ నడుమ ఎండ తగిలే చోట పెరుగుతుంది. దీనికి అతి దగ్గరి చుట్టాలు మన దేశంలో ఎక్కడున్నారయ్యా అంటే రెండు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, ఈశాన్యాన. ఇంత దూరాన ఇది ఒంటరిగా ఎట్లా మిగిలిందనేది వృక్షశాస్త్రంలో ఒక చిక్కు ప్రశ్న. బెడ్డోమ్ దానిని పరీక్షించి, 1874లో ఐకోనీస్‌లో వర్ణించి, కనుగొన్నవాడి పేరే దానికి పెట్టాడు. తన పేరు తగిలించుకోలేదు.

ఈ పువ్వు పన్నిన ఎత్తు చూడండి. చెప్పు ఆకారపు సంచిలో తేనె వుండదు. రంగుకో వాసనకో మోసపోయి పురుగు అంచు మీద వాలుతుంది, కాలు జారి లోపల పడుతుంది. గోడలు నున్నగా వుంటాయి గనుక వచ్చిన దారిన ఎక్కి పోలేదు. వెనుక వైపు మాత్రం నూగు మెట్లలాగా వుంటుంది. అది పట్టుకొని ఎక్కితే ముందు కీలాగ్రం కింద నుండి, తరువాత పుప్పొడి పక్క నుండి ఒరుసుకుంటూ ఇరుకు సందులోంచి బయటపడాలి. వీపుకు పుప్పొడి అంటుతుంది. అదే పురుగు మరో పువ్వులో మళ్ళీ మోసపోతే అక్కడ పరాగసంపర్కం జరుగుతుంది.

పురుగుల మాట ఎట్లా వున్నా, ఈ పువ్వుకు మనుషులు మోసపోయినంతగా ఏ జీవీ మోసపోలేదు. బెడ్డోమ్ కాలానికి ఇంగ్లండులో ఆర్కిడ్ల పిచ్చి ముదిరింది. ధనవంతులు అద్దాల ఇళ్ళు కట్టించి, వేడి ఆవిరి పెట్టించి, ఉష్ణమండలపు ఆర్కిడ్లను పెంచేవారు. చెప్పుపువ్వుల మీద వారికి మోజెక్కువ. ఒక్కొక్క పువ్వు వారాల తరబడి వుంటుంది. పూత లేనప్పుడు కూడా చాలా జాతుల ఆకులు మచ్చలతో అందంగా వుంటాయి. ఒక జాతి ఒక్క కొండకో, ఒక్క దీవికో పరిమితం కావచ్చు. పొరుగువాడి దగ్గర లేనిది నా దగ్గర వుండాలనే మనిషికి ఇంతకన్నా ఏం కావాలి? వ్యాపార సంస్థలు జీతమిచ్చి వేటగాళ్ళను అడవులకు పంపేవి. వాళ్ళు బస్తాల కొద్దీ తవ్వి ఓడలెక్కించేవారు. ఫెయిరీయానమ్ అనే జాతి 1857లో ఇంగ్లండులో పూసి, తరువాత పెంపకంలో చచ్చిపోయింది. దాని పుట్టుచోటు ఎవరికీ తెలియదు. దాన్ని వెతికి తెచ్చినవారికి శాండర్ అనే వ్యాపారి వెయ్యి పౌండ్లు ఇస్తానన్నాడు. యాభై ఏళ్ళ దాకా దొరకలేదు. 1905 ప్రాంతంలో భూటాన్ దిక్కున దొరికింది. ఆ పిచ్చి దొరలతో పోయిందనుకుంటే పొరపాటు. 1999లో వియత్నాంలో ఒక కొత్త జాతికి పేరు పెట్టారు. పేరు అచ్చయిన కొద్ది కాలానికే వేటగాళ్ళు అడవిలో దానిని దాదాపు తుడిచిపెట్టారు.

అగస్త్యమలై పువ్వు గతి కూడా అంతే అయింది. ఒకే కొండ ప్రాంతంలో వున్న జాతి. విదేశాల నుండి గిరాకీ. 1970లలో విచక్షణ లేకుండా తవ్వి అమ్ముకున్నారు. మిగిలినదానికి కార్చిచ్చులు తోడైనాయి. ఒక దశలో అడవిలో ఇది లేదనే అనుకున్నారు. ఈనాటికీ అత్యంత ప్రమాదంలో వున్న జాతుల పట్టికలో వుంది.

మా పేరీత కథ బెడ్డోమ్ పదవి వదిలిన మరుసటి సంవత్సరంలో మొదలైంది. కడప కొండలలో ఆయన సేకరించిన నమూనాలను చూసి, క్యూ వృక్షోద్యానానికి చెందిన థిసెల్టన్ డయర్ 1883లో ఇది వేరే జాతి అని తేల్చి, సేకరించిన ఆయన పేరు పెట్టాడు. పువ్వనేది భూమి మీద పుట్టక ముందు నుండీ వస్తున్న వంశం సైకస్‌లది. ప్రాక్టికల్సులో మనం గాజు పలక మీద కోసి చూసే వేరు, ఆకు ఆ వంశానివే. వాటిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. మగ చెట్టు నడినెత్తిన మొక్కజొన్న కండె లాంటి పెద్ద శంకువు వేస్తుంది. బలానికని, మగతనానికని నాటు మందులలో వాడతారు. మదనకామాక్షి అని అందమైన పేరు పెట్టి అమ్ముతారు. ఆ శంకువు కోసేస్తే పుప్పొడి లేదు. పుప్పొడి లేకపోతే ఆడ చెట్టుకు గింజ లేదు. గింజ లేకపోతే ఆ ముసలి మాను తరువాత ఇంకో మాను లేదు. ప్రపంచంలో శేషాచలం చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా అడవిలో పెరగని చెట్టు అది.

మరి బెడ్డోమ్ కూడా సేకరించినవాడే గదా, వేటగాడికీ ఆయనకూ తేడా ఏమిటని ఎవరైనా అడగవచ్చు. నేనూ అడుగుకున్నాను. ఆయన కూడా కోశాడు, పెరికాడు, సీసాలలో పెట్టి లండన్‌కు పంపాడు. ఆయన కొలువు చేసిన ప్రభుత్వం మన అడవులను కలప గిడ్డంగిగా చూసింది. ఆయన వెళ్ళిపోయిన 1882లోనే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కట్టె పుల్లకు, పశువుల మేతకు, పచ్చి రొట్టకు అడవిని నమ్ముకున్న రైతుకు ఆ చట్టంతో అడవి పరాయిదైపోయింది. మా ఇళ్ళలో రిజర్వు అనే మాట ఈనాటికీ కాస్త కోపంగానే పలుకుతారు. ఇదంతా నిజం. ఐనా ఒక తేడా వుంది. వేటగాడు కొండ మీద ఎన్ని మొక్కలుంటే అన్నీ తన మూటలోకి రావాలనుకున్నాడు. బెడ్డోమ్ ఒక నమూనా తీసుకొని, మిగిలినవి అందరికీ తెలిసేటట్టు పుస్తకంలో పెట్టాడు. పేరూ, బొమ్మా, చోటూ చెప్పాడు. ఆ పుస్తకమే వేటగాడికి దారి చూపించిందన్నది ఎంత నిజమో, నూరేళ్ళ తరువాత చట్టం రాసేవాడికి రాయడానికి ఒక పేరు ఇచ్చింది కూడా ఆ పుస్తకమే. పేరు లేని మొక్కను షెడ్యూలులో ఎట్లా ఎక్కిస్తారు? అది పోయిన సంగతైనా ఎవరికి తెలుస్తుంది?

1880లో మద్రాసు విశ్వవిద్యాలయం ఆయనను సభ్యునిగా తీసుకుంది. 1882లో ఉద్యోగం ముగిసింది. ఇంగ్లండు చేరిన తరువాత కూడా పని మానలేదు. 1883లో బ్రిటిషిండియా, సింహళం, మలయా ఫెర్నులన్నిటికీ కలిపి ఒక చేతిపుస్తకం తెచ్చాడు. 1892లో దానికి అనుబంధం రాశాడు. లండన్‌లో వాండ్స్‌వర్త్ అనే చోట ఇల్లు కట్టుకొని దానికి సిస్పారా అని పేరు పెట్టుకున్నాడు. సిస్పారా అంటే నీలగిరులలో ఒక కనుమ. లండన్ మంచులో కూర్చున్న ఆ ముసలాయన గుమ్మం మీద ఒక మన కొండ పేరు వుండేదన్నమాట. ఎనభై ఏళ్ళు నిండి 1911 ఫిబ్రవరి 23న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు.

ఆయన పోయిన తరువాత జరిగినవి క్లుప్తంగా చెబుతాను. 1922లో లూయిస్ నడ్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఆర్కిడ్ విత్తనాలను చక్కెర, లవణాలు కలిపిన జిగురులో సీసాలలో మొలిపించవచ్చునని చూపాడు. ధూళి లాంటి ఆ విత్తనాలలో తిండి నిలవ వుండదు. అడవిలో ఐతే ఒక రకం బూజు తోడు లేనిదే మొలవవు. సీసా పద్ధతి వచ్చాక, ఆర్కిడ్ కోసం అడవిని తవ్వవలసిన అవసరం శాస్త్రం ప్రకారం తీరిపోయింది. అంతర్జాతీయ వ్యాపార ఒప్పందమైన సైటిస్ 1987లో పేరీతను, 1990 జనవరి నుండి చెప్పుపువ్వులన్నిటినీ మొదటి అనుబంధంలోకి తెచ్చింది. అంటే అడవి నుండి తీసినవాటి వ్యాపారం నిషేధం. కేరళలో పాలోడు దగ్గరి ఉష్ణమండల వృక్షోద్యాన పరిశోధన సంస్థ వారు డ్రూరియై విత్తనాలను సీసాలలో మొలిపించి, ఆ పిల్ల మొక్కలను మళ్ళీ అగస్త్యమలై మీద నాటారు. ఎల్.బి.నగర్ నర్సరీలో నేను చూసిన కుండీ నిజంగా సీసాలో పుట్టినదే అయితే అది అడవిని దోచి తెచ్చినది కాదు. అడవికి మేలే చేస్తుంది. ఐతే కొనేవాడు ఆ ప్రశ్న అడగాలి.

ఇప్పుడు నేను చెబుతానన్న స్వంత కారణం. ఏడో తరగతి వేసవి సెలవుల్లో జేజినాయనతో మేకలు తోలుకొని కొండవాలుకు పోయేవాణ్ణి. పట్నం నుండి ఒక మనిషి వచ్చి పేరీత కండెలు కొంటున్నాడని వూళ్ళో పిల్లలు చెప్పుకున్నారు. జేజినాయన చెట్టు కింద కునుకు తీస్తుండగా మచ్చుకత్తి తీసుకొని పైకి ఎక్కి మూడు కండెలు కోశాను. ఘాటైన వాసన, చేతులకు రెండు రోజులు పోలేదు. కండెకు ముప్ఫై రూపాయల లెక్కన తొంభై వచ్చాయి. ఆ డబ్బుతో ఒక బ్యాటు కొన్నాను. జేజినాయనకు తెలిసి నన్ను కొట్టలేదు. ఆ వంకలో మగ మాన్లు తను చిన్నప్పుడు చేతివేళ్ళతో లెక్కపెట్టలేనన్ని వుండేవనీ, ఇప్పుడు నాలుగే వున్నాయనీ చెప్పి వూరుకున్నాడు. నేను కోసింది ఆ నాలుగింటిలో మూడింటివి. ఆ ఏడు అక్కడ ఎన్ని గింజలు పడకుండా పోయినాయో అప్పుడు నాకు తెలియదు. సైకస్ పాఠం నాడు తెలిసింది. లైబ్రరీలో ఆరవ షెడ్యూలు చదివిన నాడు మళ్ళీ తెలిసింది. దూరదేశపు ఆర్కిడ్ వేటగాళ్ళ మీద కోపం తెచ్చుకుంటూ కూర్చున్నవాణ్ణి, తల వంచుకొని పుస్తకం మూశాను.

జేజినాయన ఇప్పుడు లేడు. సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు మా నాయనను తోడు తీసుకొని ఆ వంకకు వెళ్ళాను. నాలుగు మగ మాన్లూ నిలిచే వున్నాయి. శంకువు కోస్తే మాను చావదు. అంత వరకు నా అదృష్టం. ఆడ మాన్ల కింద వంగి వెతికాము. రాళ్ళ సందున రెండు పిల్ల మొక్కలు కనిపించాయి. ఒక్కొక్క దానికి రెండేసి ఆకులు. మా నాయన వాటి చుట్టూ ఎండు బోద పెరికేశాడు, నిప్పు వస్తే అంటుకోకుండా. ఇంటికి తెచ్చి తోటలో నాటుదామా అని నాకు ఒక్క క్షణం అనిపించింది. మా నాయన వద్దన్నాడు.

ఈ రోజుల్లో కొత్త జాతిని కనిపెట్టిన శాస్త్రజ్ఞులు చాలామంది అది దొరికిన చోటును పుస్తకంలో సరిగా చెప్పడం మానేశారు. వేటగాళ్ళ భయం అట్లాంటిది. బెడ్డోమ్‌కు ఆ అవసరం కలుగలేదు. ఆయన తరువాతి నూట యాభై ఏళ్ళు మనకు నేర్పిన పాఠం అది. కాబట్టి మిత్రులు మన్నించాలి. ఈ వ్యాసంలో మా తాలూకా చెప్పాను, కొండల పేరు చెప్పాను. ఆ వంక పేరు మాత్రం రాయలేదు.